నీలం లేని ఆకుపచ్చ

నేను ఒక సత్తుపళ్లేన్ని. పుట్టింది ఇడ్లీల కోసం, బతికింది రంగుల్లో.

ఫ్యాక్టరీలో మిషను ఒక్క దెబ్బేస్తే రేకుముక్క కాస్తా పళ్లెమైంది. నాలాంటి వాళ్ల దొంతరతో పాటు చిలకలూరిపేట చేరి, సైదాబీ ఇడ్లీబండి ఎక్కాను. చట్నీ మళ్లీ మళ్లీ వేయించుకుని, పళ్లెం నాకినంత పనిచేసి, ఆనక ఇడ్లీ బాగాలేదని పెదవి విరిచే మనుషుల్ని అక్కడే చూశాను. ఒకరోజు ఒక లారీ క్లీనరు చూసుకోకుండా నా మీద కూర్చున్నాడు. వంకరపోయాను. ఆ వంకర సైదాబీ మొగుడు నాగుల్‌మీరాకి నచ్చింది.

ఆయన హైవే పక్క షెడ్డులో కార్లకి సొట్టలు తీసి రంగులేస్తాడు. వంకర పళ్లెంలో రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారవట.

“తినే పళ్లెంలో రంగులు కలుపుతావా? నీ చేతులిరగ!” అంది సైదాబీ.

“నీ ఇడ్లీ కన్నా నా రంగే మెత్తగుంటదిలేవే.”

షెడ్డులో నాలుగే డబ్బాలు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు. నీలం డబ్బాకి మూత పెట్టడం మరిచి ఎండబెట్టేశాడు. రేపు తెస్తానంటూనే ఏళ్లు గడిపేశాడు. మిగిలిన నాలుగింటితోనే ఏ రంగు బండి వచ్చినా నెట్టుకొచ్చేవాడు.

సైదాబీ మాత్రం తన ఇడ్లీబండికి చింతచిగురు రంగే కావాలని పట్టుబట్టింది. నీలం లేకుండా ఆకుపచ్చ ఎక్కణ్ణించి తెస్తాడు? తల గోక్కుని, పసుపులో ఒక చుక్క నలుపు వేశాడు. మురికిగా మారుతుందనుకున్నాను. నా మీద పచ్చదనం కదిలింది! ఇంకో చుక్క వేశాడు. చివర్న అగ్గిపుల్ల మొనతో ఎరుపు ముట్టించాడు. లేతాకు అంచున ఉండే ఆ ఎర్రజీర కూడా వచ్చేసింది.

“ఇది చింతచిగురా? మాడిపోయిన బజ్జీలాగుంది,” అంది సైదాబీ. అంటూనే బండి చుట్టూ తిరిగి తిరిగి చూసుకుంది.

ఏ కంపెనీ కార్డులోనూ లేని రంగు అది. లోకం మొత్తంలో రెండే చోట్ల ఉంది. ఆ బండి మీద, గీకగా మిగిలి నా అంచు మీద.

ఒక ఉదయం ఒక తెల్లకారు షెడ్డులోకి దూసుకొచ్చింది. దిగినాయన చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది.

“గేటుకి రాసుకుంది. వెంటనే చెయ్యాలి. పెళ్లికెళ్లాలి.”

ముందు బంపరు నొక్కుకుపోయింది. దాని మీద పొడుగ్గా ఒక చార.

నేను గుర్తుపట్టాను. నా ఒంటి మీద పుట్టిన రంగు నాకు తెలియదా?

నాగుల్‌మీరా నన్ను ఆ చార పక్కనే పెట్టాడు. నా అంచుకీ దానికీ మధ్య బెత్తెడు దూరం లేదు. ఒక్కసారి కిందికి చూడవయ్యా అని అరిచాను. నాకు నోరేదీ? తెలుపు మీద పలచగా పడితే ఏ రంగైనా మొహం మార్చుకుంటుంది. పైగా ఆయన కళ్లు సొట్ట మీదున్నాయి.

“మీ గేటుకి ఇదేం రంగు సార్? గేదె కూడా మొహం తిప్పుకుంటది,” అని నవ్వుతూ, థిన్నరు గుడ్డతో ఆ చారని తుడిచేశాడు.

ఎండకి మాగిన కారు తెలుపు అంత తేలిగ్గా దొరకదు. డబ్బా తెలుపు వేస్తే కట్టుకట్టినట్టు కనిపిస్తుంది. అందుకని తెలుపులో కాస్త పసుపు, సూదిమొనంత నలుపు, లేశమంత ఎరుపు నా మీదే కలిపాడు. కొంత నా అంచు మీదా పడింది. సైదాబీ బండికి రంగు తెచ్చినవి అవే. ఇప్పుడు ఆ బండి ఆనవాలు చెరిపేస్తున్నవీ అవే. అతుకు ఎక్కడుందో ఆయనే కనిపెట్టలేనంత బాగా కుదిరింది.

“భలే చేశావోయ్,” అని కారాయన వెళ్లిపోయాడు.

కాసేపటికి పంక్చర్ల కోటయ్య పరుగెత్తుకొచ్చాడు.

“మీరన్నా! అడ్డరోడ్డు కాడ వదినని గుద్దేసి పోయాడన్నా! గుంటూరు తీసకపోయారు. తెల్లకారంట!”

నాగుల్‌మీరా చేతిలో ఇంకా ఆ గుడ్డే ఉంది. దానికి అంటిన రంగు వంక చూశాడు. తర్వాత నా అంచు వంక చూశాడు. ఒక్క ఉదుటున రోడ్డెక్కాడు. పోయేవన్నీ తెల్లకార్లే.

సైదాబీ బతికింది. ఎడమకాలు పోయింది.

తర్వాత ఒక కానిస్టేబుల్ షెడ్డుకొచ్చి, తాగుతున్న టీగ్లాసు నా మీదే పెట్టాడు.

“సొట్టపడిన తెల్లకారేదన్నా నీ దగ్గరికొచ్చిందా మీరా?”

నాగుల్‌మీరా నోరు తెరిచాడు. గుద్దిన కారుని తన చేత్తోనే కొత్తదాన్ని చేసి పంపానని ఏ మొహంతో చెప్తాడు? గ్లాసు కింద నేను ఉడికిపోతున్నాను.

“రాలేదు సార్.”

వానలు పడ్డాక సైదాబీ చంకకర్రతో షెడ్డుకొచ్చింది. బండికి కొత్త రేకు కొట్టించింది. మళ్లీ అదే రంగు కావాలంది. ఆయన పసుపు వేశాడు, నలుపు వేశాడు. నలుపు ఎక్కువైంది. మళ్లీ కలిపాడు. బురదే వచ్చింది.

“ఇటియ్యి,” అని సైదాబీ నన్ను లాక్కుని గోటితో నా అంచు గీకింది. తెల్లటి పెచ్చు లేచింది. కింద చింతచిగురు.

“ఇదిగో, ఇదే గదా! మరి దీని మీద ఈ తెలుపేందయ్యా?”

“ఏదో కారుది.”

“ఏ కారు?”

నాగుల్‌మీరా పసుపు డబ్బాకి మూత పెట్టాడు. ఆమె అలాగే చూస్తోంది.

తెల్లారి పాతసామాన్ల బండిని పిలిచి మరీ నన్ను ఇచ్చేశాడు. ఇప్పుడు విరిగిన బంపర్ల కింద ఉన్నాను. నా అంచు మీద ఆ రెండు రంగులూ ఇంకా ఉన్నాయి. ఆ షెడ్డులో నోరు లేనిది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.