మూరెడు దూరం

గద్వాల చీరకు పట్టంచు కలపాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. అడ్డపోగు మోస్తూ దశరథం పంపిన నాడెను అంచు దగ్గర ఆయన భార్య జములమ్మ అందుకుని, పోగుకు పోగు కలిపి తిరిగి పంపాలి. పెళ్లయిన కొత్తలో ఊళ్లో కబుర్లన్నీ ఆ నాడెతో పాటే అటూ ఇటూ తిరిగేవి. ఇప్పుడు మొగుడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాటిలో ఎవరెవరో పొద్దస్తమానం వాగుతుంటారు, ఈయన తనలో తాను నవ్వుకుంటుంటాడు.

"ఏమయ్య, వారం సంది జరీపోగు మసక మసకగ కనిపిస్తుంది నాకు" అంది జములమ్మ.

దశరథం తల ఊపి, కిసుక్కున నవ్వాడు.

ఆమెకు ఒళ్లు మండింది. మోచేత్తో ఒక్క పోటు పొడిచేదే, కానీ నేత మధ్యలో కదిపితే పోగు తెగుతుంది. బొడ్డున దోపుకున్న ఫోన్ తీసి మొగుడి నంబరే నొక్కింది. ఆ చెవుల్లోకి పోవడానికి ఇదొక్కటే దారి మిగిలింది మరి.

వాగుడు ఆగినట్టుంది. దశరథం ముఖం చిట్లించి, పేరైనా చూడకుండా వైరు మీది బటన్ నొక్కాడు. ఆమె నోరు తెరిచేలోగానే అన్నాడు:

"మగ్గం మీదున్న. మల్ల చేస్త."

పెట్టేసి, నాడె పంపాడు. జములమ్మ తడుముకుంటూ అందుకుంది.