సుల్తాన్ పక్కన చోటు

మళ్లీ ఆ చప్పుడే, పళ్లు టక్కున కొరికే చప్పుడు, బండి వెనక తొట్టిలో నా గుర్రం సుల్తాన్ మెడ తిప్పి తన డొక్కను తానే కొరుక్కుంటోంది, హిందూపురంలో బయలుదేరినప్పటి నుంచి ఇది తొమ్మిదోసారి, సాయంత్రం ధర్మవరంలో పెళ్లికొడుకును దీని మీద ఎక్కించాలి, బ్యాండు, టపాసులు, అప్పుడు మెడ తిప్పితే అతని మోకాలు సరిగ్గా ఆ డొక్క దగ్గరే ఉంటుంది, జరీ గుడ్డ పుండును కప్పుతుంది, పళ్లను ఎట్లా కప్పుతుంది, దిష్టి అన్నారని తాయెత్తు కట్టాను, వేపనూనె పూశాను, మూతికి చిక్కం కడితే గోడకు తల బాదుకుంది, ఇందాక పెనుకొండలో పశువుల డాక్టరు హేమావతి దాని కడుపంతా తడిమి, నొప్పీ లేదు, చర్మం జబ్బూ లేదు అల్లాబక్ష్, ఒంటిగా కట్టేస్తే కొన్ని మగ గుర్రాలు ఇట్లే చేస్తాయి, కొట్టంలో ఒక్కటే ఉంటాదా అంది, ఇప్పుడు ఒక్కటే మేడమ్ అన్నాను, ఇప్పుడు అని ఎందుకన్నాను.

మొదటి పుండు కనిపించి ఇరవై రోజులు, అంతకు మూడు రోజుల ముందు బక్రీదు, దానికి ముందురోజే కదా నేను పొట్టేలును అమ్మింది, మూడేళ్లు సుల్తాన్ కాళ్ల దగ్గరే పడుకున్న పొట్టేలు, నా భార్య దిల్షాద్ తలుపుకు అడ్డం నిలబడి దాన్ని ఉండనీ అంది, పెళ్లికి పోదు, బరువు మోయదు, గుర్రం గడ్డి తినేదానికేనా అని నేనే తోలుకుపోయాను, ఆ రాత్రి సుల్తాన్ సకిలిస్తూనే ఉంది, ఆకలనుకుని ఇంకో మోపు గడ్డి వేశాను, పదోసారి, ఈసారి నెత్తురు వాసన ముందు సీటు దాకా వచ్చింది, ఫోన్ తీసి ధర్మవరం పెళ్లివాళ్లకు చేసి, వేరే గుర్రాన్ని చూసుకోండప్పా, తప్పు నాదే అన్నాను, వాళ్లు తిట్టిందంతా విన్నాను.

రోడ్డుకు అడ్డంగా గొర్రెలు, బండి ఆగింది, వెనక చప్పుడు కూడా ఆగింది, తొంగి చూస్తే సుల్తాన్ చెవులు నిక్కబొడుచుకుని మంద వైపే చూస్తోంది, దిగి కాపరి పోతులయ్యను ఒక పొట్టేలు ఇస్తావా అని అడిగితే నవ్వి, ఏమప్పా, బక్రీదు అయిపాయె గదా, ఇప్పుడు కోసి ఎవరికి పెడతావు అన్నాడు, కోసేదానికి కాదప్పా అన్నాను, మల్ల ఏం పనికి అన్నాడు, పని లేనిదని నేను అమ్మేసిన పొట్టేలు మూడేళ్లు రాత్రీ పగలూ చేసిన పని ఏమిటో అప్పటికి గానీ నా నోటికి రాలేదు, బండిలో గుర్రాన్ని చూపించి, దాని పక్కన నిలబడేదానికి అన్నాను.