చుట్టాల కుండ

జంపక్క ఇంట్లో కుండలు రెండు. ఒకటి ఇంటివాళ్లది, ఒకటి చుట్టాలది. దమ్మపేట అవతల అడవంచు గూడెంలో అందరి ఇళ్లలోనూ అంతే. ఇంటివాళ్ల కుండలోకి గుమ్మం ముందున్న చేతిపంపు నీళ్లు. చుట్టాల కుండలోకి మాత్రం వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్లే. చెలమ ఊరేదాకా కూర్చుని, చిప్పతో ముంచుకుని వచ్చేసరికి పూట గడిచిపోతుంది. అయినా సరే, తుప్పు వాసన కొట్టే పంపు నీళ్లు ఇంటికొచ్చిన మనిషి చేతికివ్వడమా? పరువేం కావాలి!

ఎనభై ఆరు ఎండాకాలంలో ఆ చేతిపంపుకు బోరు వేయించింది జియాలజిస్టు వెంకటరామారావు. మధిర మనిషి, ఎండకు తాళలేని ఒళ్లు. ఏళ్ల తర్వాత మళ్లీ ఇప్పుడొచ్చాడు. జీపు దిగుతూనే జంపక్క కూతురు కన్నమ్మ కాళ్లు చూశాడు. బోరు పడిన ఏడు పాకుతూ ఉండేది. ఇప్పుడు మోకాళ్ల దగ్గర కాళ్లు వంకర తిరిగి, పళ్ల మీద గోధుమరంగు చారలు.

"నీళ్లలో ఫ్లోరైడ్," అన్నాడు. రాతిలో ఏళ్ల తరబడి నిలవున్న నీళ్లలోకి అది దిగుతుందట. పసిపిల్లల ఎముకలు వంచేస్తుందట. "మరి అప్పటి పరీక్షలో మంచినీళ్లనే వచ్చిందే!"

జంపక్కకు కావలసింది ఒక్కటే. "పిల్ల కాళ్లు సక్కగైతయా సారూ?"

అడిగినదానికి జవాబు చెబితే ఆఫీసరెలా అవుతాడు? "ఆ రోజు పరీక్షకు పంపే సీసా ఎవరు నింపారు?" అన్నాడు.

"నేనే. మీరు నీడకు కూసోని, జల్దీ నింపుకొని రమ్మన్నరు."

"పంపు కొట్టే నింపావుగా?"

"గదేంది సారూ! ఖమ్మం దాకా పోయే నీళ్లాయె. తుప్పు నీళ్లు పంపుతనా? చెలమకు పోయి తెచ్చిన."

గర్వంగానే చెప్పింది. ఆయన కాలుతున్న జీపు బానెట్ మీద చెయ్యి ఆనించి, తీయడం మరిచిపోయాడు.

"మీరు తాగే నీళ్లు కదా పరీక్ష చెయ్యాల్సింది," అన్నాడు చివరికి. "చెలమ నీళ్లు చూసి, పంపు నీళ్లు తాగమన్నాం."

జంపక్కకు అర్థమైంది. ఏడుపు రాలేదు. ఈయన మీద రావాల్సిన కోపం కూడా రాలేదు. పెరట్లో కోడి గింజలేరుకుంటుంటే దాన్నే చూస్తూ నిలబడింది.

"కాళ్లు?" అంది మళ్లీ.

"వంగినవి వంగినట్టే. ఇకనైనా ఆ నీళ్లు మాన్పించు."

ఆయన కొత్త సీసా ఇచ్చాడు. ఈసారి పంపే కొట్టి నింపింది. "కాసిని మంచినీళ్లివ్వు జంపక్కా," అన్నాడాయన అలవాటు కొద్దీ.

లోపలికి వెళ్లింది. చుట్టాల కుండలో అడుగున ఒక్క చెంబెడు నీళ్లున్నాయి. ముంచి తెచ్చి, గుమ్మంలో కూర్చున్న కన్నమ్మ చేతికిచ్చింది.

"తాగు బిడ్డా."

కన్నమ్మ చెంబులోకి చూసింది, తల్లి మొహంలోకి చూసింది. "ఇయి చుట్టాలయి గదనే అమ్మా," అంది. గుమ్మం పట్టుకుని లేచింది. ఒక్క చుక్క ఒలకకుండా, వంకర కాళ్ల మీద ఊగుతూ, చెంబు తీసుకుని సారు దగ్గరికి బయల్దేరింది.

అలా ఇవ్వాలని నేర్పింది తనే. జంపక్క వెనక్కి పిలవలేకపోయింది.