రెండోసారి వేసిన ఉప్పు

కోదండరాం సాంబారు గుండిగలో ఉప్పు వేశాడు. గరిటె తిప్పుతూ సందు గుమ్మంకేసి చూశాడు. మళ్ళీ ఉప్పు వేశాడు. వాషర్‌మెన్‌పేట్‌లోని ఈ మెస్సులో ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని వండిన చెయ్యి అది. ఇవాళ కళ్ళు తెరుచుకునే తప్పు చేసింది, ఆ సంగతి కూడా అతనికి తెలియలేదు.

తెలిస్తే కదా! మనిషి పొయ్యి దగ్గరున్నాడు గానీ మనసంతా పొన్నేరి వైపు నుంచి వచ్చే రైలుమీద ఉంది. ఆ రైల్లోనే మునెమ్మ ఆకుకూరల బుట్టతో వస్తుంది.

నిన్న సాయంత్రం ఓనరు నరేన్ అతన్ని పిలిచాడు.

"అన్నా, ఇంక కూరగాయలన్నీ సూపర్ మార్కెట్టు వ్యాన్లో వస్తాయి. కడిగి, తరిగి ఇస్తారు. ఆ యమ్మ దగ్గిర రేపొక్కరోజు తీసుకో, అంతటితో సరి. నువ్వే చెప్పేసెయ్, నీకు తెలిసిన మనిషి గదా."

నరేన్ చెడ్డవాడేం కాదు. తండ్రి పోయాక మూతపడాల్సిన మెస్సును నిలబెట్టినవాడు. వానొస్తే మునెమ్మ రాదు, ఎండలు ముదిరితే కూర చిక్కిపోతుంది. ఆకలితో వచ్చి కూర్చున్నవాడికి ఆ కథలన్నీ చెప్పలేం కదా. కోదండరాం "సరి" అన్నాడు.

ఆ ఒక్క ముక్క తప్ప ఏనాడు ఏమన్నాడు గనక! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇతని నోరు మంచిదే, తెరిస్తే కదా. చిన్నప్పుడు తిరుత్తణి దగ్గరి ఊరినుంచి నాయన తీసుకొచ్చి ఇక్కడ ప్లేట్లు కడగడానికి పెడితే, బడికి పోతానని చెప్పలేకపోయాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందని చెప్పడానికి తటపటాయిస్తుండగానే ఆ పిల్ల ఎన్నూరులో ఇంకొకరి ఇల్లాలైపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పొయ్యి పక్కనే నడుము వంగింది, తల నెరిసింది.

కాలుగాలిన పిల్లిలా పొయ్యికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఇవాళ చెప్పకపోతే ఆవిడ సాయంత్రం రేపటి కూర కోసేస్తుంది. కోసిన కూర మళ్ళీ మొక్కకు అతకదు. రాగానే చెప్పెయ్యాలి.

"ఏందన్నా, గుమ్మంలోనే నిలబడుండావు?"

వచ్చేసింది. పొట్టి మనిషి, ఎండకు మాడిన మెడ, గోళ్ళనిండా పసరు. బుట్టమీద తడిగుడ్డ, రైలు ఎన్నూరు దాటేదాకా అక్కడి ఫ్యాక్టరీల దుమ్ము పడకుండా దాన్ని తియ్యదు. బుట్ట దించి, నెత్తిమీది చుట్టకుదురు తీసి గడపమీద పెట్టింది. పాత చీరపేలికను మెలేసి చుట్టిన ఆ చుట్ట మధ్యలో ఆమె నడినెత్తి అచ్చు పడి ఉంది.

"ఏం లేదు. రా, ఇడ్లీ తిను," అన్నాడు కోదండరాం.

తోటకూర, పొన్నగంటి కట్టలు లెక్కపెట్టి ఇచ్చి, అలవాటుగా పైన ఒక గుప్పెడు కరివేపాకు కొసరు వేసింది మునెమ్మ. ఇతను ఏ వారం ఏం వండుతాడో అడిగి విత్తనం చల్లే మనిషి ఆవిడ. వెనకవసారాలో పీటమీద కూర్చుని ఇడ్లీ తుంచింది.

"మునెమ్మా..."

"ఏంది?"

"చట్నీ వేసుకో."

ఆమె సాంబారులో ముంచిన ముక్క నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "అయ్యో అన్నా! ఇదేంది, కాశీమేడు సముద్రం తెచ్చి పోసినావా?"

కోదండరాం రుచి చూశాడు. నిజమే. కాసేపట్లో జనం వస్తారు. మునెమ్మ లేచి, వీధుల్లో అమ్ముకోడానికి ఉంచుకున్న తోటకూరంతా కడిగి, తుంచి గుండిగలో వేసింది. "ఇన్ని నీళ్ళు పొయ్యి, పప్పు ఇంకొంచెం ఉడికించి కలుపు. సరిపోతాది. నీకేమైంది ఇయ్యాల?" అంది. తనే మళ్ళీ మొదలెట్టింది. "అన్నట్టు, గోంగూర ఏసినా. మీ శనివారం పచ్చడికే. మడినిండా మొలకొచ్చింది, చూస్తే ముద్దొస్తాది. రేపటికి తోటకూర ఇంకాస్త తేనా?"

 చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల ఒకటే పోరు.

"తే," అన్నాడు కోదండరాం. ఆ మాటకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

సందులో వ్యాను ఆగింది. కుర్ర డ్రైవరు ప్లాస్టిక్ డబ్బాలు దించి వసారాలో వరుసగా పేర్చాడు. లోపల కవర్లలో తరిగిన కూర. "సార్, ఇవాళ్టిది శాంపిలు. రేపట్నించి రోజూ ఇదే టైముకు," అని తమిళంలో చెప్పి వెళ్ళిపోయాడు.

మునెమ్మ డబ్బాలను చూసింది. కోదండరాంను చూసింది. నిదానంగా ఇడ్లీ ముగించి, ప్లేటు కడిగి బోర్లించింది.

"ఉప్పు రెండుసార్లు ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది," అంది.

"నరేన్ నిన్ననే చెప్పినాడు మునెమ్మా. నీకు చెప్పేదానికి నోరు రాలే."

"రాదులే. నీ సంగతి నాకు తెలవదా?"

"మరి... గోంగూర?"

"మొలిచినదాన్ని వద్దంటే ఇంటుందా అన్నా? పెరగనీ. ఆడ ఆవులుండాయి, తింటాయి."  ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని సందులోకి నడిచింది.

కోదండరాం గుమ్మందాకా వచ్చాడు. గడపమీద ఆమె వదిలేసింది కనపడేసరికి ఉలిక్కిపడి, దాన్ని చేతిలోకి తీసుకుని పరుగెత్తాడు.

"మునెమ్మా! నీ చుట్టకుదురు!"

ఆ వీధిలో అతని గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. టీకొట్టు దగ్గర మనుషులు తిరిగి చూశారు. మలుపు దగ్గర మునెమ్మ కూడా తిరిగి చూసింది.

"ఉండనీ అన్నా. ఇంక మోసేదేముండాది?"

మలుపు తిరిగిపోయింది. మెస్సులోంచి నరేన్ కేకేస్తున్నాడు, సాంబారు దించమని. కోదండరాం వచ్చి గుండిగ దించాడు, ఉప్పు సరిపోయింది. ఆమె పెట్టిన చోటే, గడపమీద, చుట్టకుదురును తిరిగి పెట్టాడు. దాని మడతలో ఒక తోటకూర ఆకు ఇరుక్కుని ఉంది, తడి ఇంకా ఆరలేదు.