ఆఫీసరు వంతు దుప్పట్లు

ఆఫీసరు తల్లిని నేను నమ్మాను. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో చేసి హెడ్డు నర్సుగా దిగిపోయిన మనిషి, మాట మీద నిలబడుతుందనుకున్నాను. నిలబడలేదు. ఆవిడని క్షమించెయ్యమని మా వీధిలో ఒకరిద్దరు చెప్పి చూశారు. వాళ్ళతో కూడా మాట్లాడటం మానేశాను.

నాకు ఒక్కతే కూతురు. ముప్పై ఒక్క ఏళ్ళు. పుట్టినప్పుడు డాక్టరు డౌన్ సిండ్రోమ్ అన్నాడు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, నాకు ఆ మాట నోరు తిరగలేదు. నా భార్యకి రెండో రోజుకే తిరిగింది. "సరే, ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అంది డాక్టరుతో. దాని మీద మా ఇంట్లో జరిగిన చర్చ అంతే. అమ్మడు అని పిలిచేది. నడక, మాట, జడ వేసుకోవడం, అంకెలు చదవడం, బట్టలు మడతపెట్టడం అన్నీ ఆవిడే నేర్పింది. చుట్టాలు పెళ్ళిపిలుపులకి వచ్చి, "మీరిద్దరూ తప్పకుండా రావాలి" అనేవాళ్ళు. మేం ముగ్గురం. ఆవిడ శుభలేఖ తీసుకుని, మంచినీళ్ళిచ్చి పంపేది. వెళ్ళేవాళ్ళం కాదు. తొమ్మిదేళ్ళ కింద ఆవిడ పోయింది.

నేను వడ్రంగిని. ముందు గదిలోనే పని. తలుపులు, కుర్చీలు బాగుచేస్తాను. అమ్మడు ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆరేళ్ళుగా పనిచేసింది. మడతల బల్ల దగ్గర.

దుప్పటి ఒక్కరు మడతపెట్టలేరు. ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, లాగి, సగానికి మడుస్తారు. అప్పుడు ఒకరు నిలబడతారు, ఒకరు నడుస్తారు. నడిచే మనిషి తన కొసలు తెచ్చి నిలబడ్డ మనిషి చేతుల్లో పెట్టి, వంగి కింది మడత అందుకుని వెనక్కి వెళ్తాడు. మళ్ళీ వస్తాడు. జోడీ ఒకసారి కుదిరితే మార్చరు. మారిస్తే పని కుంటుపడుతుంది. అమ్మడు నిలబడే మనిషి. నడిచే మనిషి ఆఫీసరు.

అతనూ అమ్మడులాంటివాడే. ముప్పై నాలుగేళ్ళు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు, జేబులో పెన్ను. ఆ పేరు లాండ్రీ ఆడవాళ్ళు పెట్టారు. ఒకరోజు అమ్మడికి అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి చూశాను. పక్క బల్ల ఆవిడ ఆటపట్టిస్తోంది.

"ఏమే అమ్మడూ, మా ఆఫీసర్ని ఇంకా ఎంతదూరం నడిపిస్తావే?"

"సాయంత్రం దాకా" అంది అమ్మడు.

"పాపం, కాళ్ళు నొప్పులట."

"నాకేం నొప్పుల్లేవు" అన్నాడు ఆఫీసరు. "నువ్వు నీ పని చూసుకో అక్కా."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. కొసలు తెచ్చి అమ్మడి చేతుల్లో పెట్టాడు. రోజుకి మూడొందల సార్లు, ఆరేళ్ళు, దాని దగ్గరికి నడిచి వచ్చిన మనిషి అతనొక్కడే.

ఒక ఆదివారం అన్నం తింటూ అమ్మడు అంది.

"నాన్నా, నువ్వెళ్ళి అడుగు."

"ఎవర్ని?"

"వాళ్ళమ్మని. పెళ్ళి."

"అతను నిన్నడిగాడా?"

"నేనే అడిగా. సరే అన్నాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకోవాలన్నాడు."

నేను ఎవరింటికీ వెళ్ళి ఏదీ అడిగినవాణ్ణి కాదు. మూడు వారాలు వాయిదా వేశాను. అది రోజూ పొద్దున నా చెప్పులు గుమ్మం ముందు పెట్టేది. చివరికి వెళ్ళాను.

మేడ మీద రెండు గదులు. పక్క మీద దుప్పటి ముడత లేకుండా ఉంది. ఆవిడ నేను చెప్పింది మధ్యలో ఆపకుండా విన్నది.

"నాకు అభ్యంతరం లేదు అన్నయ్యగారూ. కొన్నాళ్ళు చూద్దాం. ప్రతి ఆదివారం కలుసుకోనిద్దాం. ఒక వారం మీ ఇంట్లో, ఒక వారం మా ఇంట్లో."

"తర్వాత?"

"తర్వాత మీరూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం."

ఏడు నెలలు అలాగే జరిగింది. అతను మా ఇంటికొస్తే చెప్పులు జతగా విడిచి, "మామయ్యా, బాగున్నావా?" అనేవాడు. నా పక్కన కూర్చుని చెక్కపొట్టు ఎత్తేవాడు. అమ్మడు మూడుసార్లు పిలిస్తేగాని లేచేవాడు కాదు. "ఇప్పుడే ఇంత పెత్తనం చేస్తోంది, పెళ్ళయితే ఎలాగో" అని నాకు మాత్రమే వినపడేలా అనేవాడు.

ఆవిడని నమ్మడానికి ఇంకో కారణం ఉంది. లాండ్రీలో అందరికీ ఫోటో తీసిన రోజు ఆవిడా నేనూ కూడా వెళ్ళాం. ఫోటో అతను అమ్మడినీ ఆఫీసర్నీ చూసి, "మీరిద్దరూ కొంచెం పక్కకి" అన్నాడు. ఇంకొంచెం అన్నాడు. గోడ దాకా పోయారు. నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆవిడ మాత్రం సరాసరి వెళ్ళి, ఇద్దరి చేతులూ పట్టుకుని తెచ్చి మధ్యలో నిలబెట్టింది. "తీస్తే ఇలా తియ్యి బాబూ, లేకపోతే నీ పెట్టె సర్దుకో" అంది. నా భార్య ఉంటే ఇలాగే చేసేదనుకున్నాను. ఆ రోజునుంచి చెల్లెమ్మా అని పిలిచాను.

ఒక గురువారం, అమ్మడు పనికి వెళ్ళాక, ఆవిడ మా ఇంటికొచ్చింది. నేను తలుపు చెక్కకి చిత్రిక పడుతున్నాను.

"అన్నయ్యగారూ, సోమవారం వాణ్ణి హోములో చేరుస్తున్నాను."

"ఏం హోము?"

"ఇలాంటి పిల్లలదే. బస్సులో రెండు గంటలు. వెళ్ళి చూసొచ్చాను, శుభ్రంగా ఉంది. నా మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. మా పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. అల్లుడు నన్నయితే రమ్మన్నాడు."

నన్నయితే అన్న మాట దగ్గర కిందికి చూసింది.

"మరి మనం అనుకున్నది?"

"ఏం అనుకున్నాం?"

"పెళ్ళి."

"అయ్యో" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీరు నిజమనే అనుకున్నారా? చిన్నపిల్లలు అన్నయ్యగారూ. ఏదో ఆడుకుంటున్నారు, ఆడుకోనిచ్చాం. మీకూ తెలుసనే నేననుకున్నాను."

ముప్పై నాలుగేళ్ళ చిన్నపిల్లాడు. ముప్పై ఒక్క ఏళ్ళ చిన్నపిల్ల. ఏడు నెలల ఆదివారాలు ఆవిడకి ఆట. ఫోటోలో మధ్యలో నిలబెట్టింది కూడా ఆటలోనే.

మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. అతన్ని ఇక్కడే ఉంచండి అనొచ్చు. నోటిదాకా వచ్చింది. అడగాల్సింది ఆవిడ, అడిగితే ఇద్దామని పట్టుదలకి పోయాను. ఆవిడ అడగలేదు. నేను అనలేదు.

"అమ్మడికి ముందే చెప్పకండి" అంది. "ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి వీడు అన్నం మానేస్తాడు. సెలవు పెట్టాడని చెప్పండి. నాలుగు వారాలు పోతే మర్చిపోతారు. లాండ్రీలో సూపర్వైజరుకి నేను చెప్పాను, మీ అమ్మాయికి మీరే నిదానంగా చెప్తారని."

సరే అన్నాను.

ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు. అది ఏడిస్తే ఓదార్చడం నా భార్యకి తెలుసు. నాకు తెలియదు.

సోమవారం సాయంత్రం అమ్మడు వచ్చింది. "ఆఫీసరు రాలేదు" అంది.

"సెలవు పెట్టాడట."

"ఎన్నాళ్ళు?"

"వస్తాడు. వచ్చి తన వంతు పని తను చేసుకుంటాడు. నీకెందుకు?"

నోటికొచ్చింది అనేశాను. ఆ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. పూట సెలవు పెట్టిన మనిషి వంతు దుప్పట్లు ఆ మనిషికే ఉంచుతారు, వచ్చి చేసుకోవాలి. ఊరికే సెలవులు పెట్టకుండా పెట్టిన పద్ధతి. నాకు గుర్తు లేదు. దానికి గుర్తుంది.

ఆదివారం వచ్చింది. జడ వేసుకుని గుమ్మంలో కూర్చుంది. "సెలవైతే ఇంటికి రావచ్చుగా?" అంది. ఊళ్ళో లేడన్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి అతికించాను. చెక్కలు అతికించే చేతులు.

పదహారో రోజున సూపర్వైజరు కబురు పంపింది. వెళ్ళాను. వెనక సామాన్ల గదిలోకి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా మడతపెట్టని దుప్పట్లు, నడుం ఎత్తు. దుమ్ము పడకుండా పైన ఒక పాత పరదా కప్పి ఉంది. అమ్మడు తనకిచ్చిన కొత్త జోడీతో రోజూ సగం బండి దుప్పట్లు మడతపెట్టి, మిగతా సగం తోసుకొచ్చి ఇక్కడ పెట్టింది.

"ఆస్పత్రివాళ్ళు దుప్పట్లు తగ్గాయని రోజూ ఫోను" అంది సూపర్వైజరు. "ఎవరు దొంగిలించారోనని అందరి సంచులూ వెతికించాను. చివరికి ఇదిగో. ఏం చెప్పమంటారు?"

అమ్మడు గుమ్మంలో నిలబడి ఉంది. దానికి భయం లేదు.

"ఆఫీసరు వంతు" అంది. "సెలవులో ఉన్నాడుగా. పద్ధతి మీరే పెట్టారుగా మేడమ్."

సూపర్వైజరు నావైపు తిరిగింది.

"ఏమయ్యా పెద్దాయనా, ఇంకా చెప్పలేదా? వాళ్ళమ్మ మీతో మాట్లాడానందే! అమ్మాయ్, వాడు మానేశాడు. హోములో వేశారు. ఇక రాడు."

అమ్మడు ఆవిడ మొహం చూడలేదు. నా మొహమే చూసింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ముందునుంచీ."

ఏడవలేదు. నేను దేనికి భయపడ్డానో అది జరగనే లేదు. లోపలికెళ్ళి పరదా తీసి మడిచింది. పరదా చిన్నది, ఒక్కతే మడవగలిగింది. రేపటినుంచి రావద్దని సూపర్వైజరు అంటుంటే, వినకుండా సంచి తగిలించుకుని నాకంటే ముందు నడిచింది.

మర్నాడు పొద్దున నా చెప్పులు గుమ్మం ముందు లేవు. దానివి వేసుకుని నిలబడింది. "అడ్రసు చెప్పు, నేను వెళ్తా." నేనూ వెంట వెళ్ళాను.

హోము గేటు దగ్గర కాపలా మనిషి పుస్తకం తీశాడు. రావచ్చని వాళ్ళమ్మ రాసిచ్చిన పేర్లు మూడు. మా పేర్లు లేవు. నేను అతనితో వాదిస్తుంటే అమ్మడు కమ్మీలు పట్టుకుని, "ఆఫీసరూ!" అని ఒక్క కేక వేసింది.

అతను వచ్చాడు. మెడ దాకా గుండీలు, జేబులో పెన్ను, చేతిలో బట్టల సంచి. సంచి సర్దే ఉంది. అమ్మడి చేతిని కమ్మీల్లోంచి పట్టుకున్నాడు. నన్ను మామయ్యా అనలేదు.

"ఆదివారం వస్తానన్నావుగా. రెండు ఆదివారాలు ఇక్కడే కూర్చున్నా. అన్నానికి కూడా వెళ్ళలా."

"ఎవరు చెప్పారు నేను వస్తానని?" అన్నాను.

"అమ్మ. మామయ్య అమ్మడిని తీసుకొచ్చి, ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్తాడంది. అందుకే బస్సెక్కా."

నా పేరు పెట్టి అతన్ని బస్సెక్కించింది. నేను నోరెత్తి అనని మాట, అనాల్సిన మాట, నా నోటితో అన్నట్టు చెప్పి, కన్న కొడుకుని అక్కడ దింపి వెళ్ళిపోయింది.

"మీ అమ్మ అబద్ధం చెప్పింది" అన్నాను. "అమ్మడికి అబద్ధం నేను చెప్పాను."

ఇద్దరూ విన్నారు.

హోము మేనేజరు మంచివాడే. ఒక గంట కూర్చోనిచ్చాడు. అతన్ని పంపాలంటే తల్లి సంతకం కావాలన్నాడు. ఆయన ఫోనులోంచే ఆవిడకి చేశాను.

"నా ఇంట్లో గది ఉంది. పంపించు."

"అన్నయ్యగారూ, మీకెన్నేళ్ళు?"

"అరవై ఎనిమిది."

"మీరు పోయాక వాళ్ళిద్దర్నీ ఎవరు చూస్తారు? చెప్పండి, ఇప్పుడే సంతకం పెడతాను."

ఫోను పెట్టేశాను. జవాబు లేనంత మాత్రాన ఆవిడది న్యాయం అయిపోదు. ఆ ప్రశ్న ఏడు నెలల కింద నా ఎదురుగా కూర్చుని అడిగుంటే ఇద్దరం కలిసి వెతికేవాళ్ళం.

బయటికొచ్చేసరికి ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నేను దగ్గరికి వెళ్తే మాటలు ఆపేశారు. గంటయ్యాక అతను లేచి గేటు దాకా వచ్చాడు. సంచి భుజానే ఉంది. కాపలా మనిషి మెల్లిగా తీసుకున్నాడు.

తిరుగు బస్సులో అమ్మడు నా పక్కన కూర్చోలేదు. ముందు సీట్లో కూర్చుంది. కొంతసేపటికి వెనక్కి తిరగకుండా అంది.

"మేనేజరు సార్ నన్ను ఆదివారం రమ్మన్నాడు. పుస్తకంలో నా పేరు రాస్తాడట. నా ఒక్కదాని పేరే."

"నేను తీసుకెళ్తాలే."

"వద్దు. బస్సు నంబరు, ఎక్కడ దిగాలో కాగితం మీద రాసివ్వు."

రాశాను. నంబరు పెద్ద అంకెల్లో, దిగే చోటు కింద. ముందుకి అందించాను. అది ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసుకుంది. కాగితం పట్టుకుని లేచి, కమ్మీలు పట్టుకుంటూ కండక్టరు దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, ఇది కరెక్టేనా?"

కండక్టరు చదివాడు. "కరెక్టేనమ్మా. ఎవరు రాసిచ్చారు?"

"మా నాన్న" అంది. "అందుకే అడుగుతున్నా."