పైకి చెప్పని ప్రార్థన

ఒడెస్సా ప్రూయిట్‌కు ఆ వారమంతా భయంగానే ఉంది. శనివారం సీజన్లో మొదటి ఆట. శుక్రవారం సాయంత్రంలోగా కాలేజీ ఆటల సంఘం నుంచి లమార్కస్ టాలివర్ విషయంలో నిర్ణయం రావాలి. మంచి మాట వస్తే ఆడతాడు, లేకపోతే ఈ ఏటికి బెంచీ మీదే. అంతవరకే అయితే ఒడెస్సా భయపడే మనిషి కాదు. పందొమ్మిదేళ్లుగా క్లేబర్న్ ఊరి కాలేజీలో ఫుట్‌బాల్ కుర్రాళ్ల చదువుల సంగతి చూస్తున్నది ఆమే. ఎవరు ఏ క్లాసు తప్పారో, ఎవరికి ఎన్ని క్రెడిట్లు తక్కువో, ఆ తక్కువ వెనక ఏ ఇంటి గొడవ ఉందో సగం ఆమె బీరువాలో, మిగతా సగం ఆమె పొట్టలో ఉంటాయి.

ఆమె భయమంతా అతని తరఫున సంఘానికి పంపిన దరఖాస్తులో మూడో పేజీ గురించి.

లమార్కస్‌ది జార్జియా రాష్ట్రం. ముందు వరుసలో అడ్డుగోడలా నిలబడే ఆట అతనిది. ఇది అతనికి మూడో కాలేజీ. కాలేజీ మారినప్పుడల్లా చదివిన చదువులో కొంత దారిలో రాలిపోతుంది, కొత్తవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు. దానికి తోడు వెనకటి కాలేజీలో ఒక టర్మ్ మొత్తం సగంలో వదిలేశాడు. అలా ఆరు క్రెడిట్లు తక్కువయ్యాయి. ఎందుకు వదిలేశాడో ఆ మూడో పేజీలో రాసి సంఘాన్ని ఒప్పిస్తే మినహాయింపు ఇస్తారు. జూన్‌లో ఒకరోజు ఆమె గది తలుపు మూసి, తన బూట్ల వంక చూస్తూ ఆ కారణం చెప్పాడు. ఆ టర్ములో అతను ప్రాణం తీసుకోబోయాడు. ఐదు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఇది రాస్తే ఎవరెవరు చదువుతారు, మిస్ ఒడెస్సా?"

"సంఘంలో ముగ్గురు. ఇక్కడ నేను. అంతే."

"మరి కోచ్?"

"కోచ్‌కి చూపించను నాన్నా. చట్టమూ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను."

"నా మొహం తెలీనోళ్లు చదివితే నాకేం పర్లేదు. తెలిసినోళ్లకి తెలిస్తే మాత్రం, నేనొక పూట తిండి మానేసినా అందరూ నా మొహంలోకే చూస్తారు. అలా చూస్తా ఉంటే నేను బతకలేనమ్మా."

మాటవరసకే అన్నాడు కాబోలు. ఒడెస్సాకు మాత్రం ఆ చివరి మాట చెవిలో ఉండిపోయింది.

బుధవారం సాయంత్రం చర్చిలో ప్రార్థన కూడిక. వేయించిన క్యాట్‌ఫిష్, మొక్కజొన్న రొట్టె తిన్నాక పాస్టర్‌గారు ఎవరి అవసరతలు వాళ్లను చెప్పమంటారు. ఒకావిడ మోకాళ్లంది, ఒకాయన అల్లుడి ఉద్యోగమన్నాడు. నోటితో చెప్పుకోలేనిదైతే చెయ్యెత్తి "చెప్పనిది" అంటే చాలు. దేవుడికి తెలుసు కాబట్టి మనుషులు అడగకూడదు, అది అక్కడి తాతలనాటి మర్యాద. ముప్పై ఏళ్లుగా ఆ చర్చికి వస్తున్నా ఒడెస్సా ఏనాడూ అలా చెయ్యెత్తలేదు. ఆ రోజు భయం పట్టలేక ఎత్తింది. ఎత్తాక గుండె కాస్త తేలికపడింది కూడా, పిచ్చి తల్లికి.

వెనక వరుసలో టైర్ల కొట్టు హాలిస్ వర్నడో ఉన్నాడు. భక్తిలో ఎంత గట్టివాడో ఫుట్‌బాల్లో అంతకు రెండింతలు. కారు దగ్గరికి వెళ్తుంటే వెంటపడ్డాడు.

"సిస్టర్, మీ చేతి కోసం నేనూ ప్రార్థన చేశానండోయ్. ఇంతకీ ఆ చెయ్యి ఏ నంబరు చొక్కా కోసం లేచింది?"

"దేవుడి దగ్గర పెట్టినదాన్ని నీ టైర్ల కొట్లోకి లాగకు హాలిస్."

"అయ్యో దేవుడా! నేనేమన్నానమ్మా ఇప్పుడు!"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. క్లేబర్న్ ఊళ్లో పెదవి దాకా అక్కర్లేదు, చెయ్యి లేస్తే చాలు. మర్నాడు పొద్దున ఏడింటికి రేడియోలో ఫుట్‌బాల్ కబుర్ల కార్యక్రమంలో హాలిస్ గొంతు మోగింది. "నేను పేరు చెప్పను గానీ, మన కుర్రాళ్ల చదువులు చూసే సోదరి నిన్న చర్చిలో చెప్పని ప్రార్థనకి చెయ్యెత్తింది బాబూ! ముప్పై ఏళ్లలో ఎత్తని చెయ్యి! ఈ ఏడు బయటి కాలేజీల నుంచి వచ్చినోళ్లు నలుగురు. మొదటి ఆట జాబితాలో ముగ్గురే ఉన్నారు. ఇంక మీరే చూసుకోండి." ఆ తర్వాత ఫోను చేసినవాళ్లు చిలవలు పలవలు అల్లారు. పరీక్షలో కాపీ అన్నారు, మత్తుమందు అన్నారు, ఆడపిల్ల గొడవ అన్నారు.

తొమ్మిదింటికి పత్రికవాడు ఫోను చేశాడు. మిగతా ముగ్గురి పేర్లూ చెప్పి ఆడతారా అని అడిగితే, ఏటా చెప్పే అలవాటు కొద్దీ "ఆ ముగ్గురికీ ఏ ఇబ్బందీ లేదు" అంది.

"మరి టాలివర్?"

"విద్యార్థుల సంగతులు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు బాబూ."

ఫోను పెట్టాక గాని ఆమెకు తను చేసిన పని తెలియలేదు. ముగ్గురికి అడ్డురాని చట్టం నాలుగోవాడి దగ్గరే అడ్డొచ్చిందంటే పత్రికవాడేమైనా పాలు తాగే పిల్లాడా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే తనే వెళ్లి ఆ కుర్రవాడి భుజాలు తడిమినట్టయింది.

పదింటికి లమార్కస్ వచ్చాడు. కూర్చోలేదు.

"ఎవరికన్నా చెప్పారా?"

"ఒట్టు, ఒక్క ముక్క కూడా చెప్పలేదు నాన్నా. చర్చిలో చెయ్యెత్తానంతే."

"చెయ్యెత్తారా?" అని నవ్వాడు. ఆ నవ్వులో సరదా లేదు. "మా అమ్మమ్మా అలాగే ఎత్తేది. ఎత్తినప్పుడల్లా మా వీధి వీధంతా కనిపెట్టేసేది." అంతే, వెళ్లిపోయాడు.

రెండింటికి సాధన. లమార్కస్ రాలేదు. జనవరి నుంచి ఒక్కరోజు కూడా ఆలస్యం కానివాడు. ఫోను చేస్తే మోగలేదు. గదికి మనిషిని పంపితే మంచం మీద దుప్పటి కూడా లేదన్నారు. మైదానం అంచున ఎండలో నిలబడ్డ కోచ్ రస్టన్ దగ్గరికి ఒడెస్సా గబగబా నడిచింది.

"టాలివర్‌ని వెతికించండి కోచ్. ఇప్పుడే. పోలీసులకి చెప్పండి."

"రేడియో విని మొహం చెల్లక ఎటో పోయుంటాడు. పరీక్ష తప్పాడా ఏంటి?"

"చదువు సంగతి కాదు."

"కాకపోతే? ఇరవై రెండేళ్ల మగాడు అరగంట రాలేదంటే ఏ పోలీసోడు కదుల్తాడు మిస్ ఒడెస్సా? కారణం చెప్పు."

ప్రాణం మీదికి వస్తే చెప్పవచ్చని చట్టంలోనే ఉంది. ఏటా ఆగస్టులో కొత్త గుమాస్తాలకు ఆ వాక్యం చదివి వినిపించేది ఆమే. అయినా జూన్‌లో అతనికిచ్చిన మాట అడ్డొచ్చింది. చెప్పకపోతే ఏమవుతుందో కళ్ల ముందు కనపడింది. చెప్పేసింది. కోచ్ మొహంలో రంగు మారింది. ఈలను మెడలోంచి తీసి ఫోను అందుకున్నాడు.

నలభై నిమిషాలకు దొరికాడు. రహదారి పక్కన, డబ్బులేసి బట్టలుతుక్కునే దుకాణంలో. శనివారం వాళ్లమ్మ వస్తోంది. ఆవిడకు తన మంచం ఇవ్వాలని దుప్పట్లు ఉతుకుతున్నాడు. ఫోనులో చార్జి అయిపోయింది. రెండు పోలీసు కార్లు, జట్టు వైద్యుడు, కోచ్, వెనకే ఒడెస్సా. దుకాణంలో ఆడవాళ్లు బట్టలు వదిలేసి చూస్తున్నారు. ఒకామె ఫోనుతో ఫొటో కూడా తీసింది.

"ఒక్క పూట ఎవరూ చూడని చోట కూర్చుందామని వచ్చాను," అన్నాడు లమార్కస్.

కోచ్ అతని భుజం మీద చెయ్యి వేసి, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు, "బాగానే ఉన్నావా బాబూ? నిజం చెప్పు, బాగానే ఉన్నావా?" అని అడిగాడు. అంతకు ముందురోజు దాకా ఆ కోచే అతన్ని దున్నపోతా అని పిలిచేవాడు. లమార్కస్ కోచ్ వంక చూడలేదు. అతని భుజం మీదుగా ఒడెస్సాను చూశాడు. ఆమె తల దించుకుంది. బతికే ఉన్నాడన్న సంతోషంతో, చేసిన పనికి సిగ్గుతో ఏడుపొచ్చింది.

శుక్రవారం మూడింటికి సంఘం నుంచి జవాబు వచ్చింది. మినహాయింపు ఇచ్చారు, ఆడవచ్చు. ఒడెస్సా కాగితం పట్టుకుని పరుగున వెళ్తే కోచ్ చదివి బల్ల మీద పెట్టాడు.

"ఈ వారం విశ్రాంతి తీసుకోనీ."

"ఎందుకు కోచ్? కాగితం వచ్చింది కదా!"

"వచ్చింది. నాకు నిద్ర రావద్దూ? డెబ్బై వేల మంది కేకలేస్తుంటే వాడికేమన్నా అయితే? చూద్దాంలే, తర్వాత."

శనివారం లమార్కస్ చొక్కా తొడుక్కుని బెంచీ మీద కూర్చున్నాడు. జార్జియా నుంచి వచ్చిన తల్లి నాలుగు గంటలు అతని వీపే చూసింది. జట్టు కుర్రాళ్లు ఎవరూ అతని పక్కన గట్టిగా నవ్వలేదు.

సోమవారం పొద్దున అతను ఒడెస్సా గదికి వచ్చాడు. ఈసారి తలుపు మూయలేదు.

"నా కాగితాలు ఎవరెవరు చూడొచ్చో రాసిచ్చే ఫారం ఉంటది కదమ్మా. అది కావాలి."

సొరుగులోంచి తీసి ఇచ్చింది. అతను నిలబడే ఆమె పేరు కొట్టేసి, వేరే భవనంలోని సలహాదారు పేరు రాసి సంతకం చేశాడు. చేతిరాత గుండ్రంగా, బడిపిల్లాడిలా ఉంది.

"నాకు భయమేసింది నాన్నా," అంది ఒడెస్సా. "ఆ ఒక్కటే."

"తెలుసు మిస్ ఒడెస్సా. అందరికీ భయమే. ఇప్పుడు నన్ను చూస్తే ఊరందరికీ భయమే."

మొహం పీక్కుపోయి ఉంది. ఆగలేక అడిగింది. "పొద్దున ఏమన్నా తిన్నావా?"

"అది కూడా నా ఫైలులో సంగతేనమ్మా," అని సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఎనిమిదింటికి, మొదటి క్లాసు మొదలయ్యే వేళకు, ఒడెస్సా చెయ్యి అలవాటు కొద్దీ కంప్యూటర్లో అతని నంబరు కొట్టింది. హాజరు వేశారో లేదో చూసుకుంటే ఆ పూటకు బతికినట్టే ఉంటుంది ఆమెకు. చూసే అనుమతి లేదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే వచ్చింది. ఫోను తీసి అతని పేరు దాకా వెళ్లి ఆగింది. ఎవరిని అడగాలన్నా ఎందుకడుగుతున్నావంటారు. గోడ గడియారం వంక చూస్తూ, అతను సాధనకు వచ్చాడో లేదో తెలిసే రెండింటి దాకా ఎలా కూర్చోవాలో తెలియక అలాగే కూర్చుంది.