నిమ్మతోట గుండా దారి

పని లేకుండా నడిచేవాళ్ళు లోకంలో రెండే రకాలని రామలక్ష్మి నమ్మకం. డాక్టరు నడవమన్నవాళ్ళు ఒక రకం, ఇంట్లో పోట్లాడి బయటికొచ్చినవాళ్ళు రెండో రకం. తను పనిచేసే ఇంటి పామెలా మేడం ఇందులో ఏ రకమో ఆమెకు చాలాకాలం అంతు చిక్కలేదు. మేడంకి రోగమేమీ లేదు. అరవై దాటినా చువ్వలా నిటారుగా ఉండేది. మొగుడితో గొడవా లేదు. మస్కట్ పక్కన అల్ ఖౌద్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి ఇంటికి రాగానే పుస్తకంలో తల దూర్చి, భోజనానికి పిలిస్తేనే పైకి తీసేవాడు. అయినా శుక్రవారం తెల్లారితే చాలు, మేడం బూట్లు బిగించి, కర్ర పుచ్చుకుని, ఏ కొండల్లోకో వెళ్ళిపోయేది.

"అక్కణ్ణుంచి ఏం తెత్తారండి?" అని ఒకసారి అడిగింది రామలక్ష్మి.

"ఏమీ తేను. వెళ్ళి వస్తాను, అంతే."

మేడంది ఇంగ్లండులో ఒక పల్లెటూరు. ఆ ఊరి చుట్టూ నడకదారులున్నాయట. ఒకటి చర్చి దగ్గర మొదలై, గోధుమచేల మధ్యగా వెళ్ళి, వాగు దాటి, గొర్రెల బీడు చుట్టి మళ్ళీ చర్చికే వస్తుందట. అవన్నీ ఎవరెవరి పొలాల్లోంచో పోయే దారులే. తాతలనాటి నుంచి జనం నడిచారు గనక పొలం గలాయన కాదనకూడదట. కంచెలున్న చోట మనిషి ఒక్కడే పట్టే గేట్లుంటాయనీ, వాటి పేరు ముద్దు గేట్లనీ మేడం చెప్పింది. ఎవరు ఎవరికి పెట్టుకోవాలని రామలక్ష్మి నిలదీస్తే, మేడం ఎర్రబడి, గేటు వెళ్ళి స్తంభాన్ని తాకుతుంది కాబట్టి ఆ పేరంది. రామలక్ష్మి నమ్మలేదు. ఆ సాయంత్రమే పక్కింట్లో పనిచేసే మల్లీశ్వరికి గోడ మీదుగా కబురందించింది.

"ముద్దెట్టుకుంటేగానీ పొలంలోకి రానివ్వరంట మల్లీ, మా మేడం వాళ్ళూళ్ళో."

మల్లీశ్వరిది కడప జిల్లా. ఆమె నింపాదిగా ఆలోచించి, "అట్లయితే గొర్రెలు కాసేటోళ్ళ గతేందక్కా ఆడ?" అంది.

గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి చలికాలంలో, మేడంతో నడిచే స్నేహితురాలు తమ దేశం వెళ్ళిపోయింది. ఒంటరిగా కొండల్లోకి వద్దని భర్త ఒక్క మాటన్నాడు, అదీ పుస్తకంలోంచే. అప్పుడు మేడం చూపు రామలక్ష్మి మీద పడింది. శుక్రవారానికి బదులు శనివారం సెలవిస్తాననీ, బూట్లు కొనిస్తాననీ ఆశపెట్టింది. కోనసీమలో పుట్టి, పడవా సైకిలూ ఉండగా కాళ్ళెందుకని పెరిగిన మనిషి రామలక్ష్మి. దానికి తోడు మంచి ఒళ్ళు. కానీ మేడం అడిగితే కాదనడానికి నోరు రాలేదు.

బూట్లేసుకుని ఆమె బయటికి రావడం చూసి మల్లీశ్వరి గోడ దగ్గరకు పరిగెత్తుకొచ్చింది.

"యాడికక్కా, పోలీసు బూట్లేసుకోని పోతాండావు?"

"నిజ్వా దాటాక ఏదో ఊరంట. నడవడానికి."

"నిజ్వా దాకా కార్లో పోయి, ఆడ దిగి నడుస్తారా? నడిచేదానికి ఈడ రోడ్డు లేదా?"

రామలక్ష్మి కారెక్కి కూర్చుంది.

ఆ ఊరు కొండ కింద ఉంది. మట్టి ఇళ్ళు, వాటి వెనక ఖర్జూర తోటలు, తోటల మధ్య ఫలజ్ అని పిలిచే సన్న కాలువ. దాన్ని చూడగానే రామలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. అచ్చం తమ ఊరి పంటబోదె! బోదె గట్టు మీద నడవడం అలవాటైన పనే. మసీదు దగ్గర బయల్దేరి, ఫలజ్ గట్టు వెంబడి తోటలు దాటి, పైనున్న పాత బురుజు చుట్టి, మళ్ళీ మసీదు చేరాలని మేడం ఆలోచన. తమ ఊరి దారిలాంటి దారి ఒకటి ఇక్కడ కూడా వేసి, తోటివాళ్ళందర్నీ నడిపించాలని ఆవిడ పంతం.

కాస్త దూరం పోయేసరికి దారికి అడ్డంగా మట్టిగోడ, గోడలో మూసిన చెక్కతలుపు. కాలువ గోడ కింది కన్నంలోంచి హాయిగా లోపలికి పోతోంది. మనుషులకే దారి లేదు.

మేడం కర్రతో తలుపు కొట్టింది. తెల్లగడ్డం ముసలాయన తలుపు ఓరగా తీసి నిలబడ్డాడు. ఆయన పేరు నాసర్ అని తరవాత తెలిసింది.

మేడం గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అందుకుంది. "ఇది ఎప్పటినుంచో జనం నడిచిన దారి. దీన్ని తలుపు పెట్టి మూయడం న్యాయం కాదు. మా దేశంలో అయితే చట్టవిరుద్ధం. ఆయనకు అరబ్బీలో చెప్పు రామలక్ష్మీ."

ఇంతకుముందు బౌషర్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంటచేసింది గనక రామలక్ష్మికి వంటింటి అరబ్బీ బాగానే వచ్చు. కానీ ఈ మాటలు ఎలా చెప్పడం? ఆమె బోదె నీళ్ళ కోసం తలలు పగలగొట్టుకున్న ఊరినుంచి వచ్చింది. పరాయివాళ్ళు గుమ్మంలో నిలబడి నీ తోట నీది కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చటుక్కున దణ్ణం పెట్టి అరబ్బీలో అంది:

"బాబా, మీ నిమ్మచెట్ల వాసన మసీదు దాకా వచ్చిందంటోంది మేడం. ఎంత అదృష్టవంతుడో ఈ తోట గలాయన, అంటోంది."

ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరో మేకల్ని తోలుకొచ్చి మొక్కలన్నీ మేపేశారు. అప్పుడే మూసేశాను. ఈవిడకు నా తోటలో ఏం పని? పొమ్మను."

"ఏమంటున్నాడు?" అంది మేడం.

"మీలాంటి పెద్దావిడ రావడం మా భాగ్యం అంటన్నారండి. మేకల భయానికి తలుపేశారంట."

మేడం కాస్త మెత్తబడింది. "మంచివాడే. అయినా హక్కు హక్కేనని చెప్పు."

"బాబా, మీ మొహంలో మంచి కళ ఉందంటోంది."

ముసలాయన చేత్తో నోరు మూసుకుని గట్టిగా దగ్గాడు. దగ్గి దగ్గి, తలుపు బార్లా తీసి, "ఫద్దల్, ఫద్దల్" అని లోపలికి పిలిచాడు.

నిమ్మచెట్టు నీడన చాప పరిచారు. ముసలాయన భార్య ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బు కాఫీ తెచ్చి పెట్టింది. ఇక చాలంటే కప్పు అటూ ఇటూ ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి రామలక్ష్మికి బాగా తెలుసు. తెలిసీ ఊపలేదు. ఊపితే మళ్ళీ నడవాలి. మేడం మాత్రం వాచీ చూసుకుంటూ, ఖర్జూరం పళ్ళెం మర్యాదగా పక్కకు జరిపింది.

అప్పుడు ముసలాయన ఆ పళ్ళెం మళ్ళీ ముందుకు నెట్టి, తేటతెల్లమైన ఇంగ్లీషులో, "ఇంకొక్కటి తీసుకోండమ్మా. మా దేశంలో చట్టవిరుద్ధం కాదు" అన్నాడు.

రామలక్ష్మి చేతిలో కప్పు చేతిలోనే ఉండిపోయింది.

ఆయన ఆఫ్రికా తీరాన జాంజిబారులో పెరిగాడట. అక్కడ ఇంగ్లీషు బడిలో చదివి, పెద్దయ్యాక తాతల ఊరికి తిరిగొచ్చాడట. "మా హెడ్మాస్టరు కూడా మీలాగే ఆదివారాలు ఊరికే నడిచేవాడు. ఆయనదేదో పోయిందనీ, వెతుక్కుంటున్నాడనీ మేం పిల్లలం జాలిపడేవాళ్ళం" అన్నాడు.

మేడం మొహం నిమ్మపండు రంగు నుంచి దానిమ్మ రంగుకు తిరిగింది. "అయితే... నేనన్నదంతా విన్నారా?"

"రెండుసార్లు విన్నాను. మీరన్నది ఒకసారి, ఈమె చెప్పింది ఒకసారి. నా మొహంలో కళ ఉందన్నారట. మా ఆవిడ ముందు అనకండి."

"మరి నేను రావడం మీ భాగ్యమన్నారట కదా?"

"నేను పొమ్మన్నాను."

రామలక్ష్మి తల వంచుకుంది. ఇక ఈ ఉద్యోగం అయిపోయినట్టే, వీసా కేన్సిల్ చేసి పంపేస్తారు. ఆమె మనసులో అప్పుడే మస్కట్ విమానాశ్రయం కనబడింది. ఇంతలో పక్కనుంచి ఏదో వింత చప్పుడైంది. చూస్తే మేడం నవ్వుతోంది. మొదట ఆపుకోబోయి, ఆపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ, చాప మీద అరచేత్తో కొడుతూ నవ్వుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం రామలక్ష్మి చూడనే లేదు.

నవ్వు సద్దుమణిగాక ముసలాయన అన్నాడు. "నా తోటలోంచి నడవండి. కానీ అటు చివర ఇంకో తలుపుంది. దాని గడియ అవతలివైపు ఉంటుంది. అది మా తమ్ముడి తోట. నీటివంతు దగ్గర పోట్లాడి, మాటలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది."

మేడం, ముసలాయన ఇద్దరూ ఒకేసారి రామలక్ష్మి వైపు తిరిగారు.

"నేనా? బాబోయ్, ఇంక నా వల్ల కాదండీ!"

అయినా ముసలాయన బుట్టెడు నిమ్మకాయలు కోసి ఆమె చేతిలో పెట్టాడు. "నడిచేవాళ్ళకు తలుపు తీయమని అడుగు. అంతే, ఇంకేం చెప్పకు."

రామలక్ష్మి తలుపు తట్టింది. బక్కపలచని ముసలాయన తీశాడు. అవే కళ్ళు, అదే ముక్కు, గడ్డం మాత్రం కాస్త నలుపు.

"బాబా, మీ అన్నగారు పంపారు. మీ ఒంట్లో ఎలా ఉందని అడగమన్నారు." నోరు జారాక నాలిక కరుచుకుంది.

ఆయన బుట్టలోంచి ఒక కాయ తీసి, గోటితో గిల్లి, వాసన చూశాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. "ఇది మా నాన్న నాటిన చెట్టుది" అన్నాడు. "ఇంకేమన్నాడు?" అని అడిగాడు.

ఆ అడగడంలో ఏదో ఉంది. చిన్నపిల్లాడు అడిగినట్టుంది. రామలక్ష్మి నాలిక చివర పది మాటలు సిద్ధంగా ఉన్నాయి. 'మీరు లేక అన్నం సయించడం లేదన్నారు' అనేద్దామా అనుకుంది. కానీ అది ఆమె చెప్పాల్సిన మాట కాదు.

"నాకు ఇంకేమీ చెప్పలేదు బాబా. ఆయన అక్కడే ఉన్నారు, మీరే అడగండి."

రామలక్ష్మి వెనక నుంచి నాసర్ గొంతు వినబడింది. ఎప్పుడొచ్చాడో, కాలువ పక్కన నిలబడి సలాం చెప్పాడు. సలాంకి బదులు చెప్పకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకోలేరు. తమ్ముడు నేలచూపులు చూస్తూనే బదులిచ్చాడు. తరవాత ఒక మాట, దానికి రెండు మాటలు. కాసేపట్లో ఇద్దరి చేతులూ గాల్లోకి లేచాయి.

"ఏమంటున్నారు?" అని మేడం గుసగుసగా అడిగింది.

"తిట్టుకుంటన్నారండి."

"ఉన్నదున్నట్టు చెబుతున్నావా?"

"ఉన్నదున్నట్టేనండి. నీళ్ళ గురించే. చాన్నాళ్ళ బాకీ కదండీ, బాగా తిట్టుకుంటన్నారు."

అన్నదమ్ముల మధ్యనుంచి, ఎవరికీ అడ్డం రాకుండా, ఇద్దరాడవాళ్ళూ తలుపు దాటి బురుజు వైపు నడిచారు. తిరిగొచ్చేసరికి వాళ్ళిద్దరూ కాలువ గట్టున పక్కపక్కన కూర్చుని, నీళ్ళు మళ్ళించే రాళ్ళలో ఏ రాయి ఎవరు జరిపారో ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు.

ఆ చలికాలమంతా శుక్రవారాలు రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. మేడం స్నేహితులు బృందాలుగా వచ్చి నడిచారు. రామలక్ష్మి కూడా ప్రతిసారీ తనంతట తనే బయల్దేరేది. అయితే నిమ్మతోట దాకానే. అక్కడ బూట్లు విప్పేసి, కాళ్ళు కాలువలో పెట్టుకుని, ముసలాయన భార్య పక్కన కూలబడేది.

"మీరెళ్ళి రండి మేడం. నేనిక్కడ చూసుకుంటాను" అనేది, అక్కడ తను చూసుకోవాల్సింది ఏముందో మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు.